ఎదురుచూసే నెల

డిసెంబర్ ఐదో తారీఖు నాటికే ఈసారి నేను నాలుగు కేకులు తినేశాను. ఒకటి ఆఫీసులో, ఒకటి హాస్టల్లో, ఒకటి ఫ్రెండ్ వాళ్ళ చర్చిలో, నాలుగోది మా వీధి చివర ఎవరో నాయకుడు పెట్టించిన సెమీ క్రిస్మస్‌లో. ఆ ఫ్లెక్సీ మీద బాలయేసు కంటే నాయకుడు గారే పెద్దగా ఉన్నారు. సర్లెండి, కేకు మాత్రం బాగుంది.

తెలుగు రాష్ట్రాల్లో కాలేజీ చదివిన ఎవరికీ సెమీ క్రిస్మస్ గురించి చెప్పక్కర్లేదు. ఇరవై ఐదుకి అందరూ ఊళ్ళకి వెళ్ళిపోతారు కాబట్టి, ముందే ఒక రోజు అనుకుని పండగ చేసేసుకోవడం. ఎర్ర టోపీలు, క్యారల్స్, డ్రామాలో తలకి తువ్వాలు చుట్టుకున్న గొల్లలు, చివర్లో బిర్యానీ పొట్లం. హిందూ ఫ్రెండ్స్, ముస్లిం ఫ్రెండ్స్ కూడా వస్తారు. నాకది ఇష్టమే. మా అమ్మమ్మకి మాత్రం ఆ పేరు మింగుడుపడదు. “సెమీ అంటే సగం కదే? బిడ్డ సగం పుట్టడం ఏవిటే?” అంటుంది.

నవ్వొచ్చే మాటే గానీ అందులో విషయం ఉంది. నవంబర్ చివర్లో షాపుల ముందు నక్షత్రాలు వేలాడదీసిన దగ్గర్నుంచీ మనం పండగ చేసుకుంటూనే ఉంటాం. స్టేటస్‌లు పెడతాం, రీల్స్ చేస్తాం, ఇంకా పద్దెనిమిది రోజులే అని కౌంట్‌డౌన్ స్టిక్కర్ అతికిస్తాం. తీరా ఇరవై ఐదు వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉండదు, నోట్లో కేకు రుచి ఉండదు. చర్చి క్యాలెండర్‌లో అయితే ఈ నాలుగు వారాలు అసలు క్రిస్మసే కాదు. వీటికి వేరే పేరుంది, వేరే రంగుంది.

పేరు ఆగమన కాలం. ఇంగ్లిష్‌లో అడ్వెంట్ అంటారు. ‘రాక’ అని అర్థం ఉన్న అడ్వెంటస్ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలూ ఇందులోవే. మొదటి ఆదివారం ఎప్పుడూ నవంబర్ 27కి, డిసెంబర్ 3కి మధ్యలో పడుతుంది. ఈ ఏడాది నవంబర్ 30న పడింది. దీన్ని పాటించే చర్చిలకి కొత్త సంవత్సరం మొదలయ్యేది ఆ రోజునే, జనవరి ఒకటిన కాదు. అంటే ఏడాది మొదలయ్యేదే ఎదురుచూడటంతో.

అన్ని సంఘాలూ దీన్ని పట్టించుకోవు. కేథలిక్కులు, సీఎస్ఐ వాళ్ళు, లూథరన్లు పాటిస్తారు. మాది పశ్చిమ గోదావరిలో ఒక చిన్న లూథరన్ సంఘం. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ అనే పాస్టర్ గుంటూరులో దిగడంతో మొదలైన కథలో మేం ఎక్కడో చివరి పేజీలో ఉంటాం. ఈ నాలుగు వారాలూ మా గుడిలో బల్ల మీద ఊదారంగు గుడ్డ పరుస్తారు. శ్రమల కాలంలో, అదే లెంట్‌లో, పరిచే గుడ్డ కూడా అదే. క్రీస్తు చనిపోయే ముందు వేసే రంగు పుట్టే ముందు ఎందుకు వేస్తారో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు.

ఒకప్పుడు ఇది కూడా ఉపవాస కాలమే కాబట్టి. 5వ శతాబ్దంలో, ఇవాళ్టి ఫ్రాన్స్‌లోని తూర్ అనే ఊరి బిషప్, నవంబర్ 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండగ నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం ఉండాలని నియమం పెట్టాడు. కేరళ సిరియన్ క్రైస్తవులు ఇప్పటికీ డిసెంబర్ ఒకటి నుంచి ఇరవై ఐదు రోజుల నోంబు పడతారు. నోంబు మన ‘నోము’కి చుట్టమే. హాస్టల్లో నా రూమ్మేట్ మలయాళీ. డిసెంబర్ ఒకటిన నా ముందు బిర్యానీ, తన ముందు సాంబారన్నం. “ఇరవై నాలుగు దాకా చికెన్ లేదు, గుడ్డు లేదు” అంది. “పండగ నెలలో ఇదేం ఖర్మే?” అన్నాను. తను పప్పడం నములుతూ, “పండగ ఇంకా రాలేదు కదా” అంది.

మా గుడిలో ఉపవాసాలు లేవు గానీ నాలుగు కొవ్వొత్తులున్నాయి. జర్మనీలోని హాంబర్గ్‌లో విహెర్న్ అనే పాస్టర్ పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఇంకెప్పుడు, ఇంకెప్పుడు అని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే, 1839లో ఒక పాత బండిచక్రం తెచ్చి దాని మీద కొవ్వొత్తులు పెట్టాడు. ఆదివారాలకి నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకి చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగించడం. దాన్నుంచే ఇప్పటి అడ్వెంట్ దండ పుట్టింది. మా దగ్గర చక్రం బదులు స్టీలు పళ్ళెం, చుట్టూ సరుగుడు కొమ్మలు, నాలుగు కొవ్వొత్తులు. మొదటి ఆదివారం ఒకటే వెలుగుతుంది. మిగతా మూడూ ఒత్తి కూడా నల్లబడకుండా అలా నిలబడి ఉంటాయి. నాకు ఆ వెలగని మూడింటి మీదే చూపు ఉండేది.

‘ఇంకా రాలేదు’ అనే మాటతో నాకు చిన్నప్పట్నుంచే పరిచయం ఉంది మరి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, 2011లో, అమ్మ కువైట్ వెళ్ళింది. అప్పటికి నాన్న పోయి ఏడాది. అప్పులు మిగిలాయి. మా వైపు ఇదేం వింత కథ కాదు, మా వీధిలోనే ఐదిళ్ళ ఆడవాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు. ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా. రెండేళ్ళకోసారి సెలవు, టికెట్ ఆ ఇంటివాళ్ళదే. “రెండేళ్ళే బంగారం, అప్పు తీరగానే వచ్చేస్తా” అంది. ఆ రెండేళ్ళు పద్నాలుగేళ్ళయ్యాయి. మధ్యలో ఐదుసార్లు వచ్చి వెళ్ళింది, ఐదుసార్లూ జూలై, ఆగస్టుల్లోనే. ఎండలు తట్టుకోలేక ఆ ఇంటివాళ్ళు వేరే దేశం వెళ్ళేది అప్పుడు, అమ్మని వదిలేదీ అప్పుడే. పద్నాలుగు క్రిస్మస్‌లు అమ్మ లేకుండానే అయిపోయాయి.

అమ్మకి బదులు పెట్టె వచ్చేది. కార్గోలో వచ్చే అట్టపెట్టె, చుట్టూ గోధుమరంగు టేపు, పైన మార్కర్‌తో మా ఊరి పేరు. పాలపొడి డబ్బా, రగ్గు, నొప్పుల నూనె, సెంటు సీసా, పిస్తాలు, అడుగున నా పండగ గౌను. ఆ గౌను ఎప్పుడూ నాకు వదులుగానే ఉండేది. అమ్మ తను చివరిసారి చూసిన పిల్లకి కొనేది కాదు, ఈపాటికి ఎంత ఎదిగి ఉంటుందో అని లెక్కేసుకున్న పిల్లకి కొనేది. షాపులో ఎవరి పిల్ల కనిపిస్తే ఆ పిల్ల భుజాల దగ్గర గౌను పట్టుకుని చూసుకునేదట. ఒక్క ఏడాది, నా పదమూడో ఏట, బిగుతైంది. ఫోన్లో అమ్మమ్మ ఆ మాట చెప్తే అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. అమ్మమ్మ పక్కకుట్లు విప్పించి గుడ్డ వేయించింది. ఆ గౌను ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇటు నుంచి వెళ్ళేవి అరిసెలు. వీధిలో ఎవరైనా సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నారని తెలిస్తే చాలు, అమ్మమ్మ ముందు రోజే బియ్యం నానబోసేది. తడిబియ్యం దంచాలి, పిండి ఆరకముందే బెల్లం పాకం అందుకోవాలి, పాకం ముదిరితే అరిసె రాయి. అంత హడావిడి పడి చేసి, స్టీలు డబ్బాలో సర్ది, మూత చుట్టూ పాతచీర ముక్క కట్టి పంపేది. అమ్మ వాటిని రోజుకి సగం చొప్పున తినేదట. సగం క్రిస్మస్ అంటే విసుక్కునే అమ్మమ్మ, సగం అరిసె గురించి వినగానే కళ్ళు తుడుచుకునేది.

సండే స్కూల్లో ఒకసారి అడిగాను. “యేసయ్య పుట్టి రెండు వేల ఏళ్ళయింది కదా టీచర్, మరి ఇప్పుడు ఎవరి కోసం ఎదురుచూస్తున్నాం?” టీచర్ “గుడ్ క్వశ్చన్, కూర్చో” అంది. నేను కూర్చోకుండా ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. మావైపు పాస్టర్ గారిని అయ్యగారు అంటాం. ఆయన నాకొక మాట నేర్పారు. మరనాత.

తెలుగు క్రైస్తవులకి ఈ మాట కొత్తదేం కాదు. ఆటోల వెనక కూడా కనిపిస్తుంది. అది అరమాయిక్ మాట, యేసు మాట్లాడిన భాష. పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక చివర్లో ఉంది. తమాషా ఏంటంటే, దాన్ని ఎక్కడ విరిచారన్న దాన్ని బట్టి అర్థం మారిపోతుంది. ‘మరన్ అతా’ అంటే ‘మా ప్రభువు వచ్చాడు’. ‘మరనా తా’ అంటే ‘మా ప్రభువా, రా’. పాత రాతప్రతుల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలేవాళ్ళు కాదు, అందుకే పండితులకి ఇదొక చర్చ. అయ్యగారు చర్చలోకి పోలేదు. “రెండూ అనుకోమ్మా. వచ్చాడు. ఇంకా రావాలి” అన్నారు.

బయటివాళ్ళకి ఇది తెలివిగా తప్పించుకున్నట్టు వినిపించొచ్చు. నాకలా అనిపించలేదు. మా ఇంట్లో అమ్మ ఉందా లేదా అని అడిగితే నేనేం చెప్పాలి? స్కూలు ఫీజు అమ్మది. రేకులు తీసేసి వేయించిన స్లాబు అమ్మది. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి, అంటే అక్కడ ఏడింటికి, ఐమోలో కనిపించే మొహం అమ్మది. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి మాత్రం అమ్మమ్మది. అమ్మ ఉంది. అమ్మ రావాలి. రెంటిలో ఏ ఒక్కటి చెప్పి ఊరుకున్నా అది అబద్ధమే.

ఆగమన కాలం పాఠాలు కూడా ఈ రెండింటి మధ్యే నడుస్తాయి. చాలా చర్చిలు వాడే పాఠాల పట్టిక ప్రకారం ఈ ఏడాది మొదటి ఆదివారం గొల్లలు లేరు, దేవదూతలు లేరు. మెలకువగా ఉండండి, దొంగ ఏ జామున వస్తాడో ఇంటి యజమానికి తెలీదు అంటూ మత్తయి సువార్త 24వ అధ్యాయం. ముందురోజు రాత్రే డాబా మీద నక్షత్రం కట్టి, కొత్త చీర కట్టుకుని వచ్చినవాళ్ళ మొహాలు చూడాలి. మూడో ఆదివారం ఇంకా ఇబ్బంది పెట్టే పాఠం. బాప్తిస్మమిచ్చు యోహాను జైల్లో ఉంటాడు. క్రీస్తు వస్తున్నాడని ఊరంతా చాటినవాడే, ఇప్పుడు శిష్యుల్ని పంపి అడిగిస్తాడు, వస్తాడన్నది నువ్వేనా, లేక మేం ఇంకొకరి కోసం చూడాలా అని. అంత పెద్ద ప్రవక్తకి కూడా జైలు గోడల మధ్య అనుమానం వచ్చింది. యేసు కోప్పడలేదు. గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, వెళ్ళి చూసింది చెప్పండి అన్నాడంతే. యోహాను మాత్రం జైలు నుంచి బయటికి రాలేదు. ఈ కథ చదివాకే మేం నాలుగో కొవ్వొత్తి దగ్గరికి వెళ్తాం. నాకు ఆగమన కాలం నచ్చేది అందుకే, అది మనల్ని నవ్వుతూ ఉండమని బలవంతపెట్టదు. సెమీ క్రిస్మస్‌లో ఏడుపుమొహం పెట్టుకుని కూర్చుంటే ఫొటో పాడైపోతుంది.

యోహాను అడిగించిన ప్రశ్నలో తెలుగు బైబిల్ వాడిన మాట ‘కనిపెట్టుట’. ఎదురుచూడటం అని. కీర్తనల్లో అయితే దేవుడి కోసం కనిపెట్టుకుని ఉండటం పదే పదే వస్తుంది. నా వయసువాళ్ళకి కనిపెట్టడం అంటే ఎడిసనూ బల్బూ గుర్తొస్తాయి. ఊళ్ళో దానికి ఇంకో వాడుక ఉంది. “నేను చేలోకి వెళ్ళొస్తా, కాస్త పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండు వదినా” అంటారు. చూసుకోమని. ఎదురుచూడటం, చూసుకోవడం, తెలుసుకోవడం, మూడింటికీ ఒకే మాట. ఇంగ్లిష్ ప్రసంగాలు ఎన్ని విన్నా నాకు దొరకనిది ఇక్కడ దొరికింది.

అమ్మ వెళ్ళిన రోజు తెల్లవారుజామున వ్యాను ఎక్కుతూ అమ్మమ్మతో అన్న ఆఖరి మాట అదే. “పిల్లని కనిపెట్టుకుని ఉండమ్మా.” అమ్మమ్మ దాన్ని అన్ని అర్థాల్లోనూ తీసుకుంది. కూతురి కోసం గుమ్మంలో కూర్చుని దారి చూడలేదు. ఐదింటికి లేచి పొయ్యి వెలిగించింది. నాకు జడ వేసింది, క్యారేజీ కట్టింది, లెక్కల పుస్తకం తలకిందులుగా పట్టుకునైనా సరే నా పక్కన కూర్చుని చదివించింది. కూతురు వచ్చేసరికి ఇల్లు ఎలా ఉండాలో, పిల్ల ఎలా ఉండాలో ఆవిడకో లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారం బతకడమే ఆవిడ ఎదురుచూపు.

అమ్మమ్మకి బైబిల్లో అందరికంటే ఇష్టమైన మనిషి అన్న. ఆడమనిషే, పేరే అన్న. లూకా సువార్త రెండో అధ్యాయంలో మూడంటే మూడు వచనాల్లో వచ్చి వెళ్ళిపోతుంది. పెళ్ళయ్యాక ఏడేళ్ళే కాపురం. తర్వాత ముసలితనం దాకా వైధవ్యం, దేవాలయంలో ఉపవాసాలు, ప్రార్థనలు. పసివాడైన యేసుని దేవాలయానికి తెచ్చిన రోజు అక్కడ సుమెయోను అనే ముసలాయన కూడా ఉన్నాడు. క్రీస్తుని చూడకుండా చనిపోవని ఆయనకి పరిశుద్ధాత్మ ముందే చెప్పినట్టు లూకా రాశాడు. అన్నకి అలాంటి హామీ ఏదీ ఇచ్చినట్టు రాయలేదు. ఆమె దగ్గర తారీఖు లేదు, మాట లేదు. అయినా రోజూ అక్కడే ఉంది కాబట్టి ఆ గడియలో కూడా అక్కడే ఉంది. సుమెయోను అన్న మాటలు ప్రపంచమంతా పాటగా పాడుతుంది. అన్న కూడా మాట్లాడిందనే రాశాడు గానీ, ఏమందో లూకా ఒక్క ముక్క రాయలేదు. “ఆడమనిషి మాటలు కదా, కాగితం అయిపోయుంటుంది” అంటుంది అమ్మమ్మ.

ఎవరితో మాట్లాడిందో మాత్రం రాశాడు. యెరూషలేము విమోచన కోసం కనిపెడుతున్న వాళ్ళందరితో. అంటే అలా ఎదురుచూసేవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకొంతమంది ఉన్నారు, వాళ్ళెవరో ఆమెకి తెలుసు. ఆ లైను నాకు అర్థమైంది క్యారల్స్‌కి వెళ్ళడం మొదలుపెట్టాకే. ఇంటర్‌లో ఉండగా యూత్ వాళ్ళతో కలిసి మొదటిసారి వెళ్ళాను. రాత్రి పదింటికి బయల్దేరి, ఒక డప్పు, ఒక గిటారు, క్రిస్మస్ తాత వేషంలో చెమటలు కక్కే ఒక అబ్బాయి. తెల్లవారుజాము మూడింటికి కూడా లైటు వేసుకుని, టీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కూర్చునేవాళ్ళు పెద్దవాళ్ళు. రెండు పాటలయ్యాక ప్రార్థనకి ముందు ఎవరి పేరు చెప్పమంటారని అయ్యగారు అడుగుతారు. అప్పుడు వినాలి. మస్కట్‌లో మా కోడలు. దుబాయ్‌లో తమ్ముడు, జీతం రాక నాలుగు నెలలైంది. మా మనవడికి డయాలసిస్. మా అమ్మాయి పెళ్ళి. మా ఆయన, ఎక్కడున్నాడో తెలీదు. ప్రతి గుమ్మంలోనూ ఒక పేరు. పగలు చూస్తే మామూలు వీధి. మా గుమ్మంలో అమ్మమ్మ, నేను పాడే గుంపులో ఉన్నానన్న సంగతే మర్చిపోయినట్టు, “కువైట్‌లో మా అమ్మాయి” అని చెప్పింది.

ఆ అమ్మాయికి ఆగమన ఆదివారం శుక్రవారం నాడు వస్తుంది. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. కువైట్ సిటీలో ఒకే ప్రహరీ లోపల ఎన్నో దేశాల, ఎన్నో భాషల సంఘాలు వంతులవారీగా కూడుకునే చర్చి ప్రాంగణం ఉంది. తెలుగువాళ్ళూ అక్కడ కూడుకుంటారు. అమ్మకి సెలవు దొరికిన శుక్రవారం బస్సెక్కి వెళ్తుంది. దొరకని శుక్రవారం వంటింట్లో ఫోన్ గోడకి ఆనించుకుని, సౌండు తగ్గించుకుని, గిన్నెలు కడుగుతూ మా ఊరి ఆరాధన వీడియో చూస్తుంది.

ఇక 2020 సంగతి చెప్పాలి. ఆ ఏడాది క్రిస్మస్‌కి అమ్మ రావాలి. అందుకోసమే 2019 వేసవి సెలవు వదులుకుంది. బతిమాలి, రంజాన్ నెలంతా నిద్ర లేకుండా పనిచేసి, డిసెంబర్‌కి ఒప్పించుకుంది. నేను క్యాలెండర్ మీద గడులు కొట్టేయడం మొదలుపెట్టాను. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఆగస్టు నుంచి మన దేశం వాళ్ళు నేరుగా కువైట్‌లో అడుగుపెట్టకుండా ఆపేశారు. వస్తే తిరిగి వెళ్ళడం ఎలాగో తెలీదు, వెళ్ళకపోతే నా డిగ్రీ ఫీజు లేదు. పాస్‌పోర్టు ఎలాగూ ఆ ఇంటివాళ్ళ బీరువాలోనే ఉంటుంది. ఆ డిసెంబర్‌లో అమ్మమ్మ నక్షత్రం కట్టనంది. చుట్టుపక్కల ఇళ్ళలో చావులు. మా గుడిలో పదిమందే, మధ్యలో దూరం దూరంగా కుర్చీలు, ఊదారంగు గుడ్డ. మొట్టమొదటిసారి ఆ రంగు నాకు సరిగ్గా సరిపోయినట్టు అనిపించింది.

డీట్రిక్ బాన్‌హాఫర్ గురించి చదివింది ఆ నెలలోనే. హిట్లర్‌ని ఎదిరించిన జర్మన్ లూథరన్ పాస్టర్. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు. ఆ నవంబర్‌లో బెర్లిన్‌లోని టేగెల్ జైలు నుంచి స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, జైలు గది ఆగమన కాలానికి మంచి పోలిక అన్నాడు. లోపల మనిషి ఎదురుచూస్తాడు, ఆశపడతాడు, ఏవో చిన్నాచితకా పనులు చేసుకుంటాడు, కానీ తలుపు తెరుచుకోవాలంటే బయటి నుంచే తెరుచుకోవాలి అని దాని సారాంశం. అప్పటికి ఆయనకి ఒక అమ్మాయితో నిశ్చితార్థం అయింది. పెళ్ళి జరగలేదు. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు.

ఈ కథలో కమ్మటి ముగింపు లేదని నాకు తెలుసు. అయినా ఆ తలుపు మాట అమ్మకి చెప్పాను. మోటివేషన్ రీల్స్‌లో చెప్పినట్టు నీ తలరాత నువ్వే రాసుకో అంటే, బీరువాలో పాస్‌పోర్టు ఉన్న మనిషి ఏం చెయ్యగలదు? కొన్ని తలుపులకి లోపల గొళ్ళెం ఉండదు. క్రైస్తవుల నిరీక్షణ దాన్ని దాచదు. దేవుడు మనవైపు వచ్చాడు, వస్తాడు అన్నదాని మీదే అది నిలబడి ఉంటుంది, మన సత్తా మీద కాదు. అమ్మ అంతా విని, “ఆయన లోపల ఏం పనులు చేసుకునేవాడంట?” అని అడిగింది. చదువుకునేవాడు, ఉత్తరాలు రాసేవాడు, తోటి ఖైదీలకి ప్రార్థనలు రాసిచ్చాడు అని చెప్పాను. “అయితే ఊరికే కూర్చోలేదన్నమాట” అంది.

ఈ ఏడాది అమ్మ పూర్తిగా వచ్చేస్తోంది. రాతకోతలు నవంబర్‌తో అయిపోయాయి. నాకు ఉద్యోగం వచ్చింది, అప్పు లేదు, ఇంక చాలు అనుకుంది. క్రిస్మస్‌కి వస్తుందా అంటే చెప్పలేం. “కొత్త మనిషి రాగానే పంపిస్తాం” అన్నారు ఆ ఇంటివాళ్ళు. ఏజెన్సీ వాళ్ళు పది రోజులంటారు, మళ్ళీ పది రోజులంటారు. డెలివరీ యాప్‌లో అయితే బండి బొమ్మ ఏ సందులో తిరుగుతోందో కనిపిస్తుంది. ఇక్కడ అలాంటి బొమ్మ ఏదీ లేదు.

కొత్త మనిషి అంటే ఎవరో నేను మొదట ఆలోచించలేదు. ఆమె తొందరగా రావాలని రోజూ రాత్రి ప్రార్థన మాత్రం చేస్తున్నాను. అమ్మమ్మే ఒక రాత్రి ప్రార్థన మధ్యలో నా చెయ్యి నొక్కింది. “ఆ వచ్చే తల్లికి పిల్లలుంటే, వాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళని కూడా ఇవ్వయ్యా” అని తను అందుకుంది. నేను కళ్ళు తెరిచి చూశాను. మా అమ్మ ఇంటికి రావాలంటే ఇంకెవరి అమ్మో ఇల్లు వదలాలి. శ్రీలంక కావచ్చు, ఆఫ్రికా కావచ్చు, మన కడప కావచ్చు. అక్కడెక్కడో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి రెండేళ్ళే అన్న మాట నమ్మి క్యాలెండర్ ముందు నిలబడుతుంది. అమ్మ మా గుమ్మంలో దిగినా, నేను ఎదురుచూస్తున్నది మొత్తం వచ్చినట్టు కాదు. వచ్చాడు, ఇంకా రావాలి అని అయ్యగారు అన్నప్పుడు నేను మా ఇంటి వరకే లెక్కేసుకున్నాను. ఆ మాటలో ఆ పిల్ల ఇల్లు కూడా ఉంది.

అమ్మకి ఈ సంగతి చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, నిన్న ఫోన్లో చెప్పాను. అమ్మకి ముందే తెలుసు. తన చిన్న గదిలో అల్మరాలో పై అర ఖాళీ చేసిందట. కొత్త దుప్పటి కొని మంచం మీద మడత పెట్టిందట. ఆ ఇంట్లో ఎవరికి టీలో ఎంత చక్కెర, ముసలావిడకి ఏ మాత్ర ఎప్పుడు, ఏ తలుపు చప్పుడు చెయ్యకుండా వెయ్యాలి, అన్నీ ఒక నోట్‌బుక్‌లో పెడుతోంది.

“ఏ భాషలో రాస్తున్నావమ్మా? ఆవిడకి తెలుగొస్తుందా?”

“ఎవరో ఏంటో తెలీదు కదే. అందుకే బొమ్మలేస్తున్నా” అంది. కెమెరా తిప్పి చూపించింది. ఒక కప్పు, దాని పక్కన రెండు చెంచాలు. ఒక సూర్యుడు, దాని కింద ఒక మాత్ర. చివరి పేజీలో ఒక బస్సు, బస్సు పక్కన గుడి, పైన నక్షత్రం, పక్కన శుక్రవారం అని అరబిక్‌లో, అమ్మ వంకర రాతలో.